ఎముకలో, గుండెలో, కంటి వెనుక: హైడాటిడ్ తిత్తులు

వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఒక పాఠం రాయమని సంపాదకవర్గం వారు మమ్మల్ని అడిగారు. మలేరియా, డెంగీ, రక్తహీనత గురించి అందరూ రాస్తారు. వాటి పోస్టర్లు ప్రతి పి.హెచ్.సి. గోడ మీదా ఉంటాయి. అందుకని మేము పోస్టరు లేని జబ్బును ఎంచుకున్నాం. దాని పేరు హైడాటిడ్ వ్యాధి. ఒక చిన్న బద్దె పురుగు పిల్ల దశ మన శరీరంలో చేరి, నీళ్లు నిండిన తిత్తిగా పెరగడమే ఈ జబ్బు.

ఈ తిత్తి ఎక్కువగా కాలేయంలోనూ, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోనూ వస్తుంది. అక్కడ వస్తే డాక్టర్లు త్వరగానే అనుమానిస్తారు. కానీ కొద్దిమందికి అది వెన్నెముకలో, గుండె గోడలో, మెదడులో, కంటిగుడ్డు వెనుక కూడా వస్తుంది. అలాంటి చోట వచ్చినప్పుడు క్షయ అనుకుంటారు, క్యాన్సర్ గడ్డ అనుకుంటారు, గొంతు దగ్గర వస్తే గాయిటర్ అనుకుంటారు. రోగి ఏళ్ల తరబడి వేరే జబ్బుకు మందులు మింగే అవకాశం ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి అరుదైన చోట్ల గురించి.

మన హాస్టల్ సంచికలో దీని గురించి ఎందుకంటే, గొర్రెలో మేకలో గేదెలో ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. కుక్క లేని వాడ ఎక్కడా లేదు. ఇంకో కారణం కూడా ఉంది. మన వాడలో ఎవరికైనా కడుపులో పురుగు, తిత్తి అని డాక్టరు చెబితే ఊళ్లో మొదట వినిపించే మాట "వాళ్లు తినే తిండి అట్లాంటిది" అని. ఈ మాట సైన్సు ప్రకారం ఎంతవరకు నిజమో కూడా చూద్దాం.

పురుగు ఎక్కడ ఉంటుంది?

దీని శాస్త్రీయ నామం ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. జువాలజీ చదివే అన్నలకు, అక్కలకు టీనియా సోలియం తెలిసే ఉంటుంది. అది మీటర్ల పొడవు పెరిగే బద్దె పురుగు. ఎకైనోకాకస్ కూడా ఆ కుటుంబానిదే గానీ పొడవు సుమారు 3 నుంచి 6 మి.మీ. మాత్రమే. బియ్యపు గింజ అంత కూడా ఉండదు. తల మీద నాలుగు చూషకాలు, రెండు వరుసల కొక్కేలు, వెనుక సాధారణంగా మూడు ఖండితాలు, అంతే. కుక్క చిన్నపేగులో ఇవి వేల సంఖ్యలో ఉన్నా కుక్క బాగానే తిరుగుతుంది, తింటుంది, మొరుగుతుంది. చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

చివరి ఖండితం నిండా గుడ్లు ఉంటాయి. అవి కుక్క మలంతో బయటికి వస్తాయి. గడ్డి మీద, మట్టి మీద, కుంట నీళ్లలో, కుక్క వెంట్రుకల మీద కూడా అంటుకుంటాయి. చల్లటి తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి. మామూలు ఫినాయిల్‌కు చావవు. బాగా ఎండితే, మరిగే నీళ్లు తగిలితే చస్తాయి. గొర్రె, మేక, ఆవు, గేదె మేతతోపాటు ఈ గుడ్లను మింగుతాయి. వాటి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు తయారవుతాయి. ఊళ్లో వేట కోసేటప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. ఊపిరితిత్తి మీద తెల్లగా, నీళ్ల బుడగలాగా ఉబ్బి ఉంటుంది. కోసేవాళ్లు ఆ ముక్కను పనికిరాదని కోసి పక్కకు విసిరేస్తారు. పక్కన కుక్క ఉంటుంది. ఆ తిత్తిని తిన్న కుక్క పేగులో మళ్లీ పెద్ద పురుగులు తయారవుతాయి. దీనికి సుమారు 5 నుంచి 11 వారాలు పడుతుంది. చక్రం పూర్తయింది.

ఈ సంగతి కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. కాలేయంలో నీళ్ల తిత్తి గురించి ప్రాచీన గ్రీకు వైద్యులకే తెలుసు. కుక్కలోని పురుగుకూ గొర్రెలోని తిత్తికీ ఉన్న సంబంధాన్ని మాత్రం 1850ల మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ సీబోల్డ్ ప్రయోగం చేసి చూపించాడు. గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో పురుగులను చూశాడు. 1863లో బెర్న్‌హార్డ్ నౌనిన్ మనిషి నుంచి తీసిన తిత్తితోనూ అదే రుజువు చేశాడు.

ఈ చక్రంలో మనిషికి అసలు పని లేదు. పొరపాటున గుడ్డును మింగి గొర్రె స్థానంలోకి వస్తాడు, అంతే. మనిషిలో పెరిగిన తిత్తిని కుక్క తినదు కాబట్టి పురుగుకు కూడా అది దారి మూసుకుపోయిన చోటే. పురుగు వంశానికి లాభం లేదు, మనిషికి మాత్రం నష్టం.

రెండు జల్లెడలు

గుడ్డు మన చిన్నపేగులో పగిలి, ఆరు కొక్కేల డింభకం బయటికి వస్తుంది. అది పేగు గోడను తొలుచుకుని రక్తనాళంలో పడుతుంది. ఇక తను ఈదదు, రక్తం ఎటు తీసుకెళితే అటు పోతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా మొదట పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది. కాలేయంలోని సన్నని నాళాలు జల్లెడలాగా పనిచేస్తాయి. సుమారు 70 శాతం తిత్తులు కాలేయంలోనే ఉండడానికి కారణం ఇదే. ఆ జల్లెడను తప్పించుకున్నవి గుండె కుడివైపుకు వచ్చి ఊపిరితిత్తులకు పోతాయి. అది రెండో జల్లెడ. అక్కడ సుమారు 20 శాతం ఆగుతాయి. రెండింటినీ దాటినవి గుండె ఎడమవైపుకు చేరి, అక్కడి నుంచి పెద్ద ధమనిలోకి వెళతాయి. ఆ తర్వాత అవి చేరలేని అవయవం అంటూ లేదు. కొన్ని డింభకాలు పేగు నుంచి శోషరస నాళాల ద్వారా కాలేయాన్ని తాకకుండానే పోతాయని కూడా చెబుతారు.

మిగిలిన ఆ పదో వంతులోనే ప్లీహం, మూత్రపిండం, మెదడు, ఎముక, కండరం, గుండె, కన్ను, థైరాయిడ్, రొమ్ము అన్నీ వస్తాయి. మూత్రపిండంలో 2, 3 శాతం, మెదడులో 1, 2 శాతం, ఎముకల్లో అరశాతం నుంచి 4 శాతం దాకా, గుండెలో 2 శాతం లోపు అని వైద్య గ్రంథాలు చెబుతాయి. అంకెలు చిన్నవే. కానీ ప్రపంచంలో ఏ సమయంలో చూసినా పది లక్షలమందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన ఒక శాతమంటే పదివేలమంది.

తిత్తి గోడ సంగతి

అరుదైన చోట్ల గురించి చెప్పేముందు తిత్తి గోడ గురించి తెలుసుకోవాలి. తిత్తికి మూడు పొరలు. బయటి పొర పురుగుది కాదు, మన శరీరం కట్టింది. పరాయిది ఏదో లోపలికి వచ్చిందని మన కణజాలం దాని చుట్టూ ప్రహరీ గోడ కడుతుంది. మధ్య పొర తెల్లగా, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా ఉంటుంది. లోపలి పొర చాలా పలుచన. ప్రాణం ఉన్నది అందులోనే. అక్కడి నుంచే కొత్త పురుగు తలలు మొగ్గల్లాగా పుడతాయి. అవి రాలి అడుగున ఇసుకలా చేరతాయి. దాన్నే హైడాటిడ్ ఇసుక అంటారు. లోపల నీళ్లు ఊట నీళ్లంత తేటగా ఉంటాయి. కొన్ని తిత్తుల్లో పిల్ల తిత్తులు కూడా ఉంటాయి.

పెరుగుదల నిదానం. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా. ఐదో తరగతిలో చేతిలోంచి నోట్లోకి పోయిన గుడ్డు డిగ్రీలో చేరాక బయటపడవచ్చు. ఎప్పుడు, ఎక్కడ అంటుకుందో రోగికి గుర్తుండే అవకాశమే లేదు.

ఎముకలో

అరుదైన చోట్లన్నిటిలో డాక్టర్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎముక అని మా అభిప్రాయం. ఎందుకంటే ఎముకలో ఆ ప్రహరీ గోడ కట్టుకోదు. కాలేయంలో గుండ్రంగా బంతిలాగా పెరిగే తిత్తి, గట్టి ఎముకలో గుండ్రంగా పెరగలేదు. ఎముక లోపలి సందుల్లోంచి, ఇటుకల మధ్య రావి వేరు పాకినట్టు, చిన్న చిన్న తిత్తుల గుత్తిగా పాకుతుంది. పైకి వాపు లేదు, జ్వరం లేదు. ఏళ్ల తర్వాత ఎముక చిన్న దెబ్బకే విరిగినప్పుడు తెలుస్తుంది.

ఎముక తిత్తుల్లో సుమారు సగం వెన్నెముకలోనే వస్తాయి. వెన్నుపూసలను తిని, వెన్నుపామును నొక్కితే కాళ్లు బలహీనమవుతాయి, తిమ్మిరెక్కుతాయి, చివరికి నడవలేకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం జరుగుతుంది. మన ప్రాంతంలో వెన్నుపూస పాడైతే మొదట అనుమానించేది క్షయను. అది సరైన అనుమానమే, ఎందుకంటే క్షయ ఎన్నో రెట్లు ఎక్కువ. తేడా ఏమిటంటే, క్షయ సాధారణంగా రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కును కూడా పాడుచేస్తుంది. హైడాటిడ్ చాలాకాలం డిస్కును వదిలేస్తుంది. ఎం.ఆర్.ఐ. తీస్తే ద్రాక్ష గుత్తిలాంటి తిత్తులు కనిపిస్తాయి. క్షయ మందులు నెలల తరబడి వాడినా మార్పు రాకపోతే ఈ జబ్బు కూడా ఉందేమోనని ఆలోచించాలి. ఆపరేషన్ చేసినా ఎముకలో తిత్తులన్నిటినీ ఏరడం కష్టం, మళ్లీ వస్తుంది. అందుకే క్యాన్సర్ కాకపోయినా నడవడి మాత్రం క్యాన్సర్‌లాంటిదని సర్జన్లు అంటారు.

మెదడులో, గుండెలో

మెదడు తిత్తులు పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో ఎక్కువ. సాధారణంగా ఒకటే తిత్తి, అదీ మధ్య మస్తిష్క ధమని రక్తం అందించే భాగంలో, ఎక్కువగా తల పక్కభాగంలో వస్తుంది. మెదడు మెత్తన కాబట్టి తిత్తి అడ్డు లేకుండా గుండ్రంగా పెరుగుతుంది, బత్తాయి పండంత అయ్యేదాకా బయటపడకపోవచ్చు. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒకవైపు చేయి కాలు బలహీనం కావడం, ఫిట్స్ దీని లక్షణాలు. ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోకూడదని మళ్లీ చెప్పనక్కరలేదు గానీ చెబుతున్నాం.

దీని ఆపరేషన్ గురించి చదివినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. తిత్తిని పట్టుకారుతో లాగితే పగులుతుంది. పగిలితే లోపలి ఇసుక మెదడంతా చెదురుతుంది. అందుకని డౌలింగ్ అనే సర్జన్ పేరు మీద ఒక పద్ధతి ఉంది. పుర్రె తెరిచి, తల కిందికి వంగేలా బల్లను వంచి, తిత్తికీ మెదడుకూ మధ్య సందులోకి మెత్తటి గొట్టంతో ఉప్పునీరు నెమ్మదిగా పంపిస్తారు. నీటి ఒత్తిడికి తిత్తి తనంతట తానే పగలకుండా జారి బయటికి వస్తుంది. పట్టుకుని లాగేవాళ్లు లేరు, నీళ్లే తోస్తాయి. ఇలా పూర్తిగా బయటికి వస్తే ఆ పిల్లవాడు కోలుకోవడానికి మంచి అవకాశం ఉంటుంది.

గుండెలో ఎక్కువగా ఎడమ జఠరిక గోడలో వస్తుంది. ఆ కండరానికే రక్తం ఎక్కువ అందుతుంది కాబట్టి డింభకాలు అటే ఎక్కువ పోతాయి. చాలాకాలం ఏమీ తెలియదు. కొందరికి ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ. అసలు ప్రమాదం తిత్తి పగలడంలో ఉంది. ఎడమవైపు పగిలితే ముక్కలు రక్తంతో కొట్టుకుపోయి మెదడు నాళానికో, కాలు నాళానికో అడ్డుపడతాయి. పక్షవాతం వచ్చిన కుర్రవాడికి గుండెలో తిత్తి ఉండడం ఇలాంటిదే. కుడివైపు పగిలితే ముక్కలు ఊపిరితిత్తులకు పోతాయి. గుండె తిత్తికి మాత్రం చిన్నదైనా వేచి చూడకుండా ఆపరేషన్ చేయమంటారు. ఎకో పరీక్షలో ఇది కనిపిస్తుంది.

కంట్లో, మూత్రపిండంలో, మరికొన్ని చోట్ల

కంటి గుంతలో తిత్తి పెరిగితే కన్ను నెమ్మదిగా ముందుకు పొడుచుకువస్తుంది. ఎక్కువగా నొప్పి ఉండదు. ఒక కన్ను ఇంకో కన్ను కంటే పెద్దదిగా కనిపిస్తోందని మొదట తోటివాళ్లే గమనిస్తారు. చూపు నరం నొక్కుకుపోతే చూపు తగ్గుతుంది. ఇలాంటి వాళ్లను "గుడ్లవాడు" అని ఏడిపించే అలవాటు మన హాస్టళ్లలో ఉంది. ఏడిపించేవాళ్లు అదే సంగతి వార్డెన్ గారికి చెబితే ఎక్కువ మేలు.

మూత్రపిండంలో పెరిగితే నడుము పక్క మొద్దు నొప్పి. తిత్తి మూత్రనాళంలోకి పగిలితే మూత్రంలో ద్రాక్ష తొక్కల్లాంటి తెల్లటి పొరలు పడతాయి. అది అరుదు గానీ, పడితే మాత్రం ఈ జబ్బేనని చెప్పడానికి గట్టి గుర్తు. దాచుకోకుండా సీసాలో పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్లీహంలో వస్తే ఎడమ పక్కటెముకల కింద బరువు. థైరాయిడ్‌లో గాయిటర్‌లాగా, రొమ్ములో మామూలు గడ్డలాగా ఉంటుంది. కండరాల్లో తక్కువ. కండరం ఎప్పుడూ కదులుతూ ఉండడం, అందులో తయారయ్యే లాక్టిక్ ఆమ్లం తిత్తికి పడవని అంటారు. అయినా తొడలో, వీపులో, మెడలో వచ్చిన కేసులు ఉన్నాయి.

గడ్డను గుచ్చకూడదు

తొడలోనో మెడలోనో నొప్పి లేని గడ్డ కనిపిస్తే ఊళ్లో ఏం చేస్తాం? పసరు కట్టిస్తాం. తగ్గకపోతే ఆర్.ఎం.పి. దగ్గర సూదితో గుచ్చించి నీళ్లు తీయిస్తాం. ఒకవేళ అది హైడాటిడ్ తిత్తి అయితే ఈ రెండో పని ప్రాణం మీదికి తెస్తుంది. తిత్తిలోని నీరు రక్తంలో కలిస్తే శరీరం ఒక్కసారిగా ఎదురుతిరగవచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం నిమిషాల్లో జరగవచ్చు. ఆ గండం గడిచినా ఇంకో చిక్కు ఉంది. కారిన నీటిలోని ఒక్కొక్క పురుగు తల ఒక్కొక్క కొత్త తిత్తిగా పెరగగలదు. ఒక తిత్తి ఉన్నచోట కొన్నేళ్లకు పది, ఇరవై అవుతాయి. వాత పెట్టడం, బ్లేడుతో కోయడం, గట్టిగా పిసకడం కూడా ఇలాంటివే.

పెద్దాసుపత్రుల్లో డాక్టర్లే సూదితో నీళ్లు తీస్తారు కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. 1980లలో మొదలైన పెయిర్ అనే పద్ధతి ఉంది. స్కానింగులో చూస్తూ కాలేయంలోని తిత్తిలోకి సూది దింపి, నీరు తీసి, పురుగును చంపే ద్రావణం ఎక్కించి, మళ్లీ తీసేస్తారు. అంతకుముందే మందు మొదలుపెట్టి, ఊపిరాడకపోతే ఇచ్చే ఇంజెక్షన్లు పక్కన పెట్టుకుని, కొన్ని రకాల కాలేయ తిత్తులకే అలా చేస్తారు. ఊపిరితిత్తుల్లోని తిత్తికి అక్కడ కూడా చేయరు.

పరీక్షలు, మందులు

కాలేయానికి, మూత్రపిండానికి, ప్లీహానికి అల్ట్రాసౌండ్ స్కానింగే మంచి పరీక్ష. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే, సి.టి. మెదడుకు, వెన్నెముకకు ఎం.ఆర్.ఐ. రక్త పరీక్ష కూడా ఉంది గానీ దాని మీద పూర్తిగా ఆధారపడకూడదు. ముఖ్యంగా ఎముక, మెదడు, కన్ను వంటి చోట్ల జబ్బు ఉన్నా లేదని వచ్చే అవకాశం ఎక్కువ. పాత పుస్తకాల్లో కనిపించే కాసోనీ చర్మ పరీక్ష ఇప్పుడు వాడుకలో లేదు. పోటీ పరీక్షల గైడ్లలో మాత్రం ఇంకా ఉంటుంది.

మందు పేరు ఆల్బెండజోల్. ఈ పేరు మనందరికీ తెలుసు. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడుల్లో, హాస్టళ్లలో ఇచ్చే మాత్ర ఇదే. అక్కడ ఒక్క 400 మి.గ్రా. మాత్ర చప్పరిస్తే పేగుల్లోని నులిపురుగులు పోతాయి. అది తప్పక వేసుకోవాలి. కానీ ఆ ఒక్క మాత్రతో హైడాటిడ్ తిత్తి పోదు. తిత్తికి రోగి బరువును బట్టి రోజుకు రెండు పూటలా, నెలల తరబడి వాడాలి. మధ్యలో కాలేయం పనితీరుకు, రక్తకణాలకు పరీక్షలు చేస్తూ ఉండాలి. గర్భిణులు డాక్టరు చెప్పకుండా వాడకూడదు. కాబట్టి మందుల షాపులో కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టే మందు కాదు. చచ్చిపోయి సున్నం పట్టిన కాలేయ తిత్తులను ఏమీ చేయకుండా అప్పుడప్పుడు స్కానింగు చేస్తూ చూస్తారు కూడా. ఆపరేషన్ అవసరమైనవాళ్లు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఉచిత వైద్యం వర్తిస్తుందేమో ముందే అడగాలి.

తిండి మాట

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. గొర్రె మాంసం, మేక మాంసం, పెద్ద మాంసం తినడం వల్ల మనిషికి హైడాటిడ్ వ్యాధి రాదు. తిత్తి ఉన్న కార్జం ముక్క పొరపాటున తిన్నా అది మనిషి పేగులో తిత్తి కాదు, పురుగూ కాదు. ఆ తిత్తి కుక్కకే అంటుకుంటుంది. మనిషికి అంటుకునేది కుక్క మలంలోని గుడ్డు. అది కడగని కొత్తిమీర మీద ఉండవచ్చు, ముల్లంగి మీద ఉండవచ్చు, కుక్కపిల్లను నిమిరిన చేతి గోరులో ఉండవచ్చు. జన్మలో మాంసం ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది.

పంది మాంసం సంగతి కూడా ఇలాగే చాలామంది తలకిందులుగా చెబుతారు. టీనియా సోలియం తిత్తులు మెదడులో, కంట్లో, నాలుకలో, కండరాల్లో వస్తాయి. చాలా దేశాల్లో ఫిట్స్‌కు ఇదొక పెద్ద కారణం. సరిగా ఉడకని పంది మాంసం తింటే మనిషి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. అంతవరకు నిజం. కానీ మెదడులో తిత్తులు వచ్చేది మాంసం వల్ల కాదు, పేగులో పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీళ్లతోనో, ఆకుకూరతోనో, చేతులతోనో నోట్లోకి పోవడం వల్ల. కాబట్టి ఇది మరుగుదొడ్డి లేకపోవడం వల్ల, చేతులు కడగకపోవడం వల్ల వచ్చే జబ్బు. ఏ కులం ఏం తింటుందన్నది ఈ గుడ్డుకు తెలియదు. ఎవరైనా మీ ముందు ఆ మాట ఎత్తితే, వాదం పెట్టుకోకుండా ఈ జీవిత చక్రం బొమ్మ గీసి చూపించండి.

కుక్కల సంగతి

అలాగని కుక్కలను తరమమని మేము చెప్పడం లేదు. కుక్కకు ఈ పురుగు పుట్టుకతో రాదు. మనం విసిరిన పచ్చి ఊపిరితిత్తి, పచ్చి కార్జం తింటేనే వస్తుంది. కాబట్టి తెంచవలసిన ముడి అక్కడ ఉంది.

ఐస్‌లాండ్ దేశంలో 19వ శతాబ్దంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. గొర్రెల దేశం, ప్రతి ఇంటికీ కుక్కలు. 1863లో హరాల్డ్ క్రాబ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కల పేగులను పరీక్షిస్తే నాలుగో వంతుకు పైగా కుక్కల్లో ఈ పురుగు ఉంది. ఆయన జబ్బు ఎలా వస్తుందో, ఏం చేయాలో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాస్తే దాన్ని అక్కడి భాషలో అచ్చువేసి ఇంటింటికీ ఉచితంగా పంచారు. అక్కడ పేదవాళ్లకు కూడా చదువు వచ్చు. చలికాలం రాత్రుళ్లు ఇంట్లో ఒకరు చదివితే మిగతావాళ్లు వినే అలవాటు ఉండేది. తిత్తులున్న అవయవాలను కుక్కకు వేయకుండా పాతిపెట్టడం, కాల్చడం మొదలుపెట్టారు. తర్వాత చట్టాలు కూడా వచ్చాయి. కొన్ని దశాబ్దాల్లో జబ్బు దాదాపు మాయమైంది. అప్పటికి ఈ జబ్బుకు పనిచేసే మందు ఒక్కటి కూడా లేదు. న్యూజిలాండ్ కూడా ఇలాగే ఏళ్ల తరబడి పనిచేసి, 2002లో ఈ జబ్బు లేనట్టేనని ప్రకటించుకుంది.

మన దగ్గరికి వస్తే, కర్నూలు ప్రాంతంలో ఈ జబ్బు వ్యాప్తి గురించి చేసిన పరిశీలన 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయింది. అంటే మన నేల మీద ఇది ఉందని తెలిసి యాభై ఏళ్లు దాటింది. పుస్తకం ఇంటింటికీ పంచినవాళ్లు మాత్రం మాకు కనిపించలేదు.

చేయగలిగినవి చాలా చిన్న పనులు. జాతరలో, పండుగలో, పెళ్లిలో వేట కోసినచోట పనికిరాని ముక్కలను కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యిలో పాతాలి. కుక్కకు వేయాలనుకుంటే అరగంటకు తక్కువ కాకుండా ఉడకబెట్టి వేయాలి. పెంపుడు కుక్కకు, మంద కుక్కకు పశువుల ఆసుపత్రిలో అడిగి ప్రాజిక్వాంటెల్ మాత్ర ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయించాలి. వేసిన తర్వాత రెండు మూడు రోజులు దాని మలాన్ని ఏరి పాతిపెట్టాలి. గొర్రెలకు టీకా కూడా తయారైంది, కొన్ని దేశాల్లో వాడుతున్నారు. హాస్టల్లో అయితే వంటగది తలుపు దగ్గరికి కుక్కలు రాకుండా చూడడం, కంచాలు కడిగే చోట మెతుకులు పోగుపడకుండా చూడడం, పచ్చిగా తినే కూరగాయలను పారే నీళ్లలో కడగడం, కుక్కపిల్లతో ఆడాక సబ్బుతో చేతులు కడగడం. మెస్ కమిటీ వాళ్లు మొదటి రెండూ తమ పనిగా రాసుకుంటే బాగుంటుంది.

చివరగా ఒక చిన్న సంగతి. మీ ఇంట్లో ఎవరికైనా ఎక్కడైనా గడ్డ, ఏళ్ల తరబడి నడుము నొప్పి, కారణం తెలియని ఫిట్స్, కన్ను ముందుకు రావడం ఉండి ఆసుపత్రికి వెళితే, చదువుకున్నవాళ్లుగా మీరు వెంట వెళ్లండి. పట్నం డాక్టరు గారు ఎంత తెలిసినవారైనా, ఓ.పి.లో రోజుకు వందమందిని చూసేవారికి "మీ ఇంట్లో కుక్క ఉందా" అని అడిగే తీరిక ఉండకపోవచ్చు. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి: "సార్, మాకు గొర్రెలున్నాయి. కుక్క ఉంది. వేట మా వాకిట్లోనే కోస్తాం." చీటీ మీద ఆ ముక్క రాయించండి.